స్టూవర్టుపురము – ఒక ఆశ్రయపురము కథ

శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, దేవాలయముల చరిత్రయు, తొలి దొరలు దొరసానుల చరిత్రయు వ్రాయుటకు మాకంటె సమర్థులు చాలమంది కలరని తోచినది. నిలువ నీడలేని వారికి నీడ కల్పించు పరిచర్య మన పత్తి, మిరప పొలముల సీమలో ఎట్లు ప్రారంభమైనదో వ్రాయుదమని తలపెట్టితిమి. వెదకుచు పోగా మేము చేరిన ఊరు స్టూవర్టుపురము. అది మన డయాసిసు నాటిన మొక్క కాదు. రక్షణ సైన్యమువారిది, అనగా సాల్వేషన్ ఆర్మీవారిది. అయినను బాపట్లకు చీరాలకు నడుమ మన కన్నుల యెదుటనే ఉన్న ఊరు. దాని మంచిచెడ్డలు మనవి కావని తప్పించుకొనుటకు వీలులేదు.

ఆ ఊరి పేరు మాకు చిన్ననాటనే తెలియును. తెనాలి నుండి ఒంగోలు వైపు పాసెంజరు బండిలో ప్రయాణము చేయునప్పుడు బాపట్ల దాటగానే పెద్దలు ట్రంకుపెట్టెలను కాళ్ళ దగ్గరకు లాగుకొని, ఆడవారిని మెడలు కప్పుకొమ్మని హెచ్చరించెడివారు. బండి ఆ చిన్న స్టేషనులో ఒక్క నిమిషము ఆగి కదలిపోయెడిది. ప్లాటుఫారము మీద మజ్జిగ త్రాగుచున్న ముసలివాడో, చంటిబిడ్డతో నిలుచున్న తల్లియో కనబడెడివారు. వారిని చూచి మేము భయపడితిమి. వారు మమ్ములను చూచి ఏమనుకొనిరో ఆ దినములలో మాకు తట్టలేదు.

స్టూవర్టుపురము ఎరుకలవారి కొరకు కట్టబడిన ఊరు. ఊరు కట్టకముందు వీరు ఎచ్చట నుండిరి అని అడిగినచో, అన్ని ఊళ్ళలోను ఉండిరని చెప్పవలెను. ఈత బరికెలతో, వెదురు బద్దలతో గంపలు, చాటలు, తట్టలు అల్లుట, పందులను పెంచుట, ఆడవారు సోది చెప్పుట – ఇవి మనకు కనబడిన పనులు. మనము మరచిన పని వేరొకటి కలదు. వారిలో ఒక తెగకు ఉప్పు ఎరుకలవారని పేరు. సముద్రపు ఒడ్డున పండిన ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసికొని పైసీమకు తీసికొనిపోయి, అక్కడి ధాన్యమును దిగువకు తెచ్చి అమ్ముకొనెడివారు. బండ్లు పోలేని దారులలో వారే మన రవాణా. అట్టి మనిషికి ఒక ఊరిలో ఇల్లు కట్టుకొనుట వలన ప్రయోజనమేమి? దారియే వాని ఇల్లు.

ఆ దారి వారికి ఎట్లు మూతబడినదో చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన తన గ్రంథములో విపులముగా చూపినారు. ఉప్పు మీద సర్కారువారి పెత్తనము బిగిసినది; రోడ్లు పడినవి; తరువాత రైళ్ళు వచ్చినవి. 1899 నాటికి బెజవాడకును మద్రాసుకును నేరుగా రైలుబండి నడచెను. రైలు మోయు ఉప్పు ముందర గాడిద మోయు ఉప్పు ఎంత? అడవి చట్టములు వచ్చి వెదురు కొట్టుట నేరమైనది. 1876–78 నాటి కరవులో పశువులు చచ్చినవి. ఇన్ని విధముల బ్రతుకుతెరువు పోయినవాడు సంచారిగనే మిగిలెను గాని చేతిలో సరుకు లేని సంచారి అయ్యెను. సరుకు ఉన్నవానిని వర్తకుడు అందుము. సరుకు లేక తిరుగువానిని దొంగ అందుము. వారిలో దొంగతనము చేసినవారు లేరని మేము చెప్పుట లేదు. ఉండిరి. కాని చట్టము చేసినవారు ఉన్నవారిని లేనివారిని వేరు చేయుటకు శ్రమపడలేదు.

ఆ చట్టము పేరు క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు. 1871లో ఉత్తరదేశమునకు చేసిరి. 1911లో సవరించి మన మద్రాసు రాజధానికిని వర్తింపజేసిరి. దాని ప్రకారము ఒక తెగను తెగగనే నేరస్థులని ప్రకటింపవచ్చును. ఆ తెగలోని వారి పేర్లు రిజిస్టరులో వ్రాసి, వ్రేలిముద్రలు తీసికొని, నియమిత వేళలలో హాజరు చెప్పించుకొందురు. మరియు వారిని కుటుంబములతో సహా ఒక సెటిల్మెంటులో ఉంచుటకు, వారి పిల్లలను వేరుపరచి బడులలో పెట్టుటకు సర్కారువారికి అధికారము కలదు. అనుమతి లేక సెటిల్మెంటు దాటినవానిని పట్టుకొని తిరిగి తేవచ్చును. మన ప్రాంతములో ఎరుకలవారు ఈ చట్టము క్రిందికి వచ్చిరి.

ఇప్పుడు కథ కొంతసేపు లండను పట్టణమునకు పోవలసియున్నది. రక్షణ సైన్యమును స్థాపించిన విలియం బూత్ 1865లో తూర్పు లండనులోని బీదల నడుమ పని ప్రారంభించెను. 1878లో దానికి సైన్యమను పేరు వచ్చెను. 1887 చివర ఒక రాత్రి వేళ బూత్ లండను వంతెన మీదుగా వచ్చుచు, చలిలో రాతి మూలలలో ముడుచుకొని నిద్రించుచున్న మనుష్యులను చూచి, మరునాటి ఉదయమున తన కుమారుని పిలిచి, వెంటనే ఏదైనను చేయుమని చెప్పినట్లు ఆ సంఘమువారు నేటికిని చెప్పుకొందురు. 1888లో ఓడరేవు పేటలో మొదటి ఆశ్రయము తెరచిరి. కొద్ది పెన్నీలకు వేడి గంజి, పడక. కొన్ని ఆశ్రయములలో ఆ పడక శవపేటిక వంటి చెక్కపెట్టె. దానిలో పరుపు, పైన కప్పుకొనుటకు దుప్పటివంటి తోలుగుడ్డ. ఇప్పటివారికి నవ్వు రావచ్చును. వాన కురియు రాత్రి వంతెన మీద పండుకొన్నవానికి నవ్వు వచ్చి యుండదు.

1890లో బూత్ ఒక గొప్ప పథకమును పుస్తకముగా ప్రకటించెను. ఇల్లు లేనివానికి మొదట పట్టణములో పడక, పని. పిదప పల్లెటూరి వ్యవసాయ క్షేత్రములో శిక్షణ. ఆ పిదప క్రొత్త దేశములో భూమి. ఈ వరుసలో మరుసటి సంవత్సరమే ఎసెక్సు సీమలోని హాడ్లీ అనుచోట వ్యవసాయ క్షేత్రమును కొనిరి. కేవలము పైకప్పు చాలదు, పైకప్పుతో పాటు పని, చదువు, వైద్యము, తోడు ఉండవలెనని నేటి సంక్షేమ సంస్థలు చెప్పు మాటను ఆయన అప్పుడే చెప్పెను. హాడ్లీకి పోయినవాడు ఇష్టపడి పోయెను. ఇష్టము లేనప్పుడు లేచి పోగలిగెను. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

ఈ ఆలోచనను మన దేశమునకు తెచ్చినవారు ఫ్రెడరిక్ బూత్‌టక్కరుగారు. ఆయన మొదట పంజాబులో ఐ.సి.ఎస్. ఉద్యోగి. ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చి, 1882 సెప్టెంబరులో మరి ముగ్గురితో బొంబాయిలో దిగెను. కాషాయ వస్త్రములు ధరించి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకొని, వట్టి కాళ్ళతో తిరిగి, బిచ్చమెత్తి తినెను. అప్పటి దొరతనమువారు ఈయనను జైలులో పెట్టిరి. ఆ మనిషే మరల 1907లో భారతదేశ పని మీదకు వచ్చి, 1908లో గోరఖ్‌పూరులో డోములనువారి కొరకు సర్కారువారి సహాయముతో సెటిల్మెంటు తెరచెను. మొదట దొరతనముచే జైలుకు పోయినవాడు తరువాత దొరతనముతో కలిసి కంచె వేయుట విచిత్రముగా లేదా? ఆయన మనస్సు మంచిదనుటలో మాకు సందేహము లేదు. నేరము చేయు మనిషికి దండన కాదు, పని కావలెనని ఆయన నమ్మెను. కాని పని ఇచ్చుటకు మనుష్యులను ఎవరు తెచ్చి అప్పగించుచున్నారో ఆ సంగతి మీద ఆయన ఎక్కువ విచారము చేసినట్లు కనబడదు.

మన సీమలో కృష్ణకు ఈవల, బెజవాడకు ఎదురుగా, సీతానగరములో ఒక సెటిల్మెంటు పెట్టిరి. అక్కడివారికి కొండ రాయి కొట్టు పని. 1913–14 ప్రాంతమున బాపట్ల తాలూకాలో రైలుమార్గము ప్రక్కన మరియొకటి వెలసెను. దానికి అప్పటి మద్రాసు ప్రభుత్వపు కార్యాలోచన సభ్యుడైన సర్ హెరాల్డ్ స్టూవర్టుగారి పేరు పెట్టిరి. ఈ దొరగారే 1891లో మద్రాసు రాజధాని జనాభా లెక్కలు తీసినవారు. 1902–03 నాటి పోలీసు కమీషనుకు కార్యదర్శి. తరువాత దేశమంతటి నేరపరిశోధన శాఖకు అధిపతి. మన ప్రాంతములో ఊళ్ళకు దేవుళ్ళ పేర్లు, జమీందారుల పేర్లు, చెట్ల పేర్లు కలవు. ఒక పోలీసు దొరగారి పేరు ఇంటిపేరువలె మోయు ఊరు మాకు తెలిసినంతలో ఇదొక్కటే.

ఊరు వరుసగా, తిన్నగా కట్టబడెను. ఇండ్లు ఇచ్చిరి, సేద్యమునకు నేల ఇచ్చిరి, బడి పెట్టిరి, మందులిచ్చిరి, ఆరాధన మందిరము కట్టిరి. అంతవరకు దారి మీదనే ప్రసవించిన తల్లులు గోడల మధ్య ప్రసవించిరి. అదే ఊరిలో హాజరుపట్టీ కూడ ఉండెను. బంధువు చనిపోయెనని పొరుగు తాలూకాకు పోవలెనన్నను పాసు కావలెను. పిల్లలు తల్లిదండ్రుల అలవాట్లు నేర్చుకొనకుండ హాస్టలులో వేరుగ పెంచుట మేలని ఆనాటి నిర్వాహకులు తలంచిరి. ఎరుకలవారి ఇంటి భాష వేరు, తెలుగు కాదు. తల్లి ఒడిలో ఆ భాష వినవలసిన పిల్లవాడు గంట కొట్టినప్పుడు లేచి, గంట కొట్టినప్పుడు పండుకొనెను.

సంఖ్యాకాండములోను యెహోషువ గ్రంథములోను ఆశ్రయపురములను గూర్చి మనమందరము చదివియున్నాము. యొర్దానుకు ఇవతల మూడు, అవతల మూడు. తెలియక మనిషిని చంపినవాడు ఆ పురమునకు పారిపోయి బ్రదుకవచ్చును. అయితే ప్రధానయాజకుడు మృతినొందు వరకు ఆ పొలిమేర దాటరాదు. అనగా ఆశ్రయమే ఒక విధమైన చెర. స్టూవర్టుపురమును ఈ పురములతో పోల్చి సమాధానపడిన పెద్దలను మేమెరుగుదుము. మేమును కొంతకాలము అట్లే సమాధానపడితిమి. కాని లేఖనమును మరల చదివినప్పుడు ఒక భేదము కనబడినది. ఆశ్రయపురమునకు పారిపోయినవాడు గుమ్మము దగ్గర నిలిచి పెద్దలతో తన సంగతి చెప్పుకొనును. సమాజము విని తీర్పు తీర్చును. స్టూవర్టుపురపు గుమ్మము దగ్గర, నీవు ఏమి చేసితివి అని ఎవరును అడుగలేదు. నీవు ఎవరికి పుట్టితివి అనునదే ప్రశ్న.

ఇక్కడ చీరాల సంగతి ఒకటి చెప్పక ఊరకుండలేము. 1921లో మునిసిపాలిటీ పన్నులకు నిరసనగా చీరాల–పేరాల ప్రజలలో చాలమంది, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున, తమ ఇండ్లు విడిచి ఊరి వెలుపల రామనగరులో తాటాకు పాకలు వేసికొని పదకొండు నెలలు నివసించిరి. ఎండకు ఎండి, వానకు తడిసిరి. దేశమంతయు వారిని మెచ్చుకొన్నది, మెచ్చుకొనదగినదే. అక్కడికి రెండు స్టేషనుల దూరములో కొన్ని వందల కుటుంబములు అదే సంవత్సరమున, ఇల్లు విడిచి బయటకు పోవుటకు పాసు కొరకు క్యూలో నిలిచియున్నవి. వారిని గూర్చి ఆనాటి మన పెద్దలలో మాట్లాడినవారు బహు తక్కువ.

1920లలో చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీ పెద్ద ఫ్యాక్టరీ పెట్టినది. ఆకు గ్రేడు చేయుటకు వేలాది చేతులు కావలెను. సెటిల్మెంటు మనుషులు అందులో పనికి కుదిరిరి. సముద్రపు ఒడ్డు నేలలో చాలీచాలని సేద్యముతో బ్రతుకలేని కుటుంబములకు ఆ కూలి ప్రాణాధారమైనది నిజమే. హాజరుకు కట్టుబడి, లేచి పోలేని కూలివారు దొరకుట కంపెనీకి లాభమైనదియు నిజమే. రాధాకృష్ణగారి గ్రంథము ఈ రెండవ నిజమును మన ముఖము మీద పెట్టును. పరిచర్య ఎక్కడ ముగిసి వ్యాపారము ఎక్కడ మొదలైనదో గీత గీయుట కష్టము.

రక్షణ సైన్యమువారే ఈ పని చేసిరనుకొనుట న్యాయము కాదు. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనువారు, రెవరెండు శామ్యూల్ బాడెన్ దొరగారి ఆధ్వర్యమున, ఎరుకలవారి సెటిల్మెంటును చిరకాలము నడిపిరి. నేడు విమర్శించుట సులభము. అప్పుడు వీరు పూనుకొనకపోయినచో ఆ కుటుంబములు పోలీసు ఠాణాల చేతులలోనే ఉండిపోయెడివేమో. ఈ మాటను మేము కొట్టివేయజాలము.

అయితే మరియొక దారి మన సీమకు తెలియనిది కాదు. 1876–78 కరవు నాడు ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును కాంట్రాక్టుకు తీసికొని, ఆకలితో ఊళ్ళు విడిచి వచ్చినవారికి పాకలు వేయించి, కూలి ఇచ్చి బ్రతికించిరి. ఆ శిబిరములో పేరు వ్రాసికొన్నది కూలి ఇచ్చుటకే. రాదలచినవాడు వచ్చెను, పోదలచినవాడు పోయెను. కూలి కొరకు మతము పుచ్చుకొనిరను నింద రాకుండుటకై కరవు పని జరుగునంత కాలము ఆయన బాప్తిస్మములు ఆపివేసెను. ఆ తరువాతనే, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగినది. సంఖ్యను మనము ప్రతి సంవత్సరము చెప్పుకొందుము. ఆపివేసిన నెలలను మాత్రము చెప్పుకొనము.

చట్టమును 1947లో మద్రాసు రాష్ట్రము రద్దు చేసినది. 1952 ఆగస్టు 31న దేశమంతట రద్దైనది. ఆ దినమును ఈ తెగలవారు నేటికిని విముక్తి దినముగా జరుపుకొందురు. మనకు స్వాతంత్ర్యము ఆగస్టు 15న వచ్చినది. వారికి అయిదు సంవత్సరముల పదహారు దినములు ఆలస్యముగ వచ్చినది. హాజరుపట్టీ పోయినది. ఆశ్చర్యమేమనగా, తలుపు తెరచిన తరువాత కూడ చాలమంది ఆ ఊరు విడిచి పోలేదు. నలుబది సంవత్సరములలో అక్కడ పెండ్లిండ్లు జరిగినవి, సమాధులు లేచినవి. కాపలాతో ఇచ్చిన ఇండ్లను వారే తమ కాపురములతో ఇండ్లుగా చేసికొనిరి. ఈ ఘనత దొరతనమునకును మిషనుకును చెందదు.

పేరు మాత్రము వదలలేదు. చట్టము పోయినను దాని స్థానములో అలవాటుపడిన నేరస్థుల చట్టములు వచ్చినవి. 2007లో ఐక్యరాజ్యసమితి కమిటీ ఒకటి వాటిని కూడ రద్దు చేయుమని మన ప్రభుత్వమును కోరవలసివచ్చెను. ఎక్కడ దొంగతనము జరిగినను అందరి చూపు స్టూవర్టుపురము మీదనే. 1970ల మధ్యలో ఆ ఊరికి పోయి, నేరమార్గములో ఉన్నవారితో కూర్చుండి మాటలాడి, వారి భార్యలతో పిల్లలతో స్నేహము చేసి, చదువులకు ఉద్యోగములకు దారి చూపినవారు విజయవాడ నాస్తిక కేంద్రమునకు చెందిన లవణముగారు, ఆయన భార్య హేమలతా లవణముగారు. హేమలతగారు వినుకొండలో పుట్టిన మహాకవి గుర్రం జాషువాగారి కుమార్తె. అంటరానితనము అననేమో ఆ ఇంట ఎవరును నేర్పనక్కరలేదు. దేవుడు లేడనువారు వచ్చి చేసిన పనిని దేవుని ఎరిగినవారమనుకొను మనము రైలుకిటికీ నుండి చూచుచు పోతిమి. ఇది ఈ సంచికలో అచ్చగుట కొందరికి నచ్చకపోవచ్చును. జరిగినది జరిగినట్లే వ్రాయుచున్నాము.

ఆ ఊరి పిల్లలు ఉపాధ్యాయులైరి, గుమాస్తాలైరి, రైల్వేలో చేరిరి. 1991లో ఆ ఊరి పేరుతో ఒకే సంవత్సరము రెండు సినిమాలు వచ్చినవి. 2023లో ఆ ఊరి దొంగ కథ మరియొకటి. అక్కడి ఉపాధ్యాయుని మీద సినిమా తీయుటకు ఎవరికిని తోచలేదు. 2022లో బాపట్ల క్రొత్త జిల్లా అయినది కనుక ఇప్పుడు ఆ ఊరు గుంటూరు జిల్లాలో లేదు.

ఇక మా సంగతి. 1980లలో ఆ ఊరి యువకుడొకడు మా పట్టణములోని ఒక బడికి ఉపాధ్యాయుడుగా వచ్చెను. బి.ఇడి. పాసైనవాడు, కీర్తనలు బాగుగ పాడువాడు. పట్టణములో గది అద్దెకు దొరకలేదు. ఊరి పేరు చెప్పగానే, మా బంధువులు వచ్చుచున్నారని ఒకరు, వెల్ల వేయించుచున్నామని ఒకరు చెప్పి పంపిరి. చివరకు మా సంఘపు పెద్దల యొద్దకు వచ్చెను. మందిరపు ఆవరణములో రెండు గదులు ఖాళీగా ఉండెను. కమిటీ కూడినది. అతనిని గూర్చి చెడుగా ఎవరును ఒక్క మాట అనలేదు. మందిరపు వెండి పాత్రలు, కానుకల పెట్టె ఆ ప్రక్కనే ఉన్నవనియు, రేపు ఏదైన పోయినచో ఆ అబ్బాయికే చెడ్డపేరు వచ్చుననియు, అతని మేలు కోరియే ఇవ్వకుండుట మంచిదనియు ఒక పెద్దమనిషి చాల మృదువుగా చెప్పెను. అందరును తలలూపిరి. మేమును ఆ కూటములో ఉంటిమి. తల ఊపలేదు, మాటలాడలేదు కూడ.

ఆయన సీజను టిక్కెట్టు తీసికొని, ప్రతిదినము ఉదయము పాసెంజరులో వచ్చి, సాయంత్రము పాసెంజరులో స్టూవర్టుపురమునకు పోయెడివాడు. చాల సంవత్సరములు అట్లే పోయెను. ఆదివారములలో మాత్రము మా మందిరమునకు రాలేదు. ఆ రెండు గదులలో తరువాత షామియానా గుంజలు, విరిగిన కుర్చీలు వేసి తాళము పెట్టితిమి.